కంప్యూటరులో విత్తనాల మూట

ఒకే కంప్యూటర్లో విండోస్‌, లినక్స్‌ రెండూ ఉంటే భలే సౌకర్యం. అయితే, రెండోదానికి చోటు చేసే హడావుడిలో చాలామంది ముందుగా చెరిపేసేది ఓ మూలన ఉన్న ‘రికవరీ పార్టిషన్‌’నే. అవసరం వచ్చిన రోజున గానీ దాని విలువ తెలీదు. ఇంతకీ అదేం చేస్తుంది? ఏం చేయలేదు?

ఎంత కరవొచ్చినా పాతకాలపు రైతు విత్తనాల జోలికి వెళ్లేవాడు కాదు. మేలైన వడ్లు ఏరి, ఎండబెట్టి, వేపాకు కలిపి ఓ మూలన దాచేవాడు. ఇంట్లో బియ్యం నిండుకుంటే పక్కింట్లో బదులు తెచ్చుకునేవారే తప్ప ఆ మూట విప్పేవారు కాదు. అది ఈ పూట తిండి కాదు, వచ్చే ఏటి పంట.

కంప్యూటర్లు తయారుచేసే కంపెనీలు కూడా అలాంటి మూటను డిస్కులో ఓ మూల దాచి మరీ మనకు అమ్ముతాయి. దాని పేరే రికవరీ పార్టిషన్‌. సి డ్రైవ్‌, డి డ్రైవ్‌లా అది చాలా కంప్యూటర్లలో బయటికి కనిపించదు. కనిపించదు కాబట్టి దాని సంగతి మనకూ పట్టదు. ఒక్క సందర్భంలో మాత్రం బయటపడుతుంది... అదే కంప్యూటర్లో లినక్స్‌ కూడా పెట్టుకుందామని కూర్చున్నప్పుడు. డిస్కులో ఏ భాగం ఎంతుందో చూపించే పట్టీ తెర మీద కనిపిస్తుంది. ‘అరె, 15 జీబీ ఊరికే పడి ఉందే! తీసేస్తే సరి’ అనిపిస్తుంది. ఒక్క నొక్కుతో విత్తనాల మూట ఖాళీ!

చిత్రమేమిటంటే, ఒక్క విండోస్‌తో సరిపెట్టుకునే కంప్యూటర్‌ కన్నా రెండు ఆపరేటింగ్‌ సిస్టమ్‌లున్న కంప్యూటర్‌కే ఆ మూట అవసరం ఎక్కువ. ఇద్దరు కాపురముండే ఇంట్లో తాళాలు తారుమారయ్యే అవకాశం ఎక్కువే కదా!

మూట ఒకటి కాదు, రెండు

డిస్కును పెద్ద హాలు అనుకుంటే, పార్టిషన్లు అందులో గోడలు కట్టి చేసుకున్న గదులు. సి గదిలో విండోస్‌ ఉంటుంది. దాని పక్కనే ‘రికవరీ’ పేరుతో ఉండే గదులు రెండు రకాలు. ఈ తేడా తెలియకే చాలామంది పొరబడుతుంటారు.

మొదటిది మైక్రోసాఫ్ట్‌ పెట్టేది. చిన్నది... సాధారణంగా 500 ఎంబీ నుంచి ఒక జీబీ దాకా ఉంటుంది. దీన్ని మరమ్మతు పెట్టె అనుకోవచ్చు. విండోస్‌ మామూలుగా లేవలేకపోతే ఇందులోని చిన్న వ్యవస్థ లేచి, నీలం రంగు తెర మీద కొన్ని దారులు చూపిస్తుంది. స్టార్టప్‌ రిపేర్‌, సిస్టమ్‌ రీస్టోర్‌, చివరగా వచ్చిన అప్‌డేట్‌ను తీసేయడం, సేఫ్‌ మోడ్‌లోకి వెళ్లడం, అన్నీ విఫలమైతే విండోస్‌ను మళ్లీ మొదట్నుంచీ పెట్టుకోవడం... ఇవన్నీ అక్కడివే. 2009 అక్టోబరులో వచ్చిన విండోస్‌ 7 నుంచీ ఈ మరమ్మతు పెట్టె విండోస్‌తోపాటే డిస్కులోకి చేరుతోంది.

రెండోది కంప్యూటర్‌ కంపెనీ పెట్టేది. ఇది పెద్దది. 10 నుంచి 20 జీబీ దాకా ఉంటుంది. మీరు కొన్న రోజున కంప్యూటర్‌ ఎలా ఉందో ఆ రూపం మొత్తం ఇందులో భద్రంగా ఉంటుంది. విండోస్‌తోపాటు తెరకూ, ధ్వనికీ, వై-ఫైకీ, టచ్‌ప్యాడ్‌కీ కావాల్సిన డ్రైవర్లు కూడా ఉంటాయి. దీన్ని పిలిచే మీట ఒక్కో కంపెనీకి ఒక్కోటి. హెచ్‌పీ అయితే ఎఫ్‌11, ఆసుస్‌ అయితే ఎఫ్‌9, ఏసర్‌లో ఆల్ట్‌తోపాటు ఎఫ్‌10. లెనోవో ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో పక్కన సన్నటి రంధ్రంలాంటి ‘నోవో’ బటన్‌ ఉంటుంది. కంప్యూటర్‌ ఆపేసి, పిన్నుతో దాన్ని నొక్కాలి.

ఒకప్పుడు ఈ పని సీడీలు చేసేవి. కంప్యూటర్‌ కొంటే పెట్టెలో రికవరీ డిస్కులు వచ్చేవి. 2000 తర్వాత కంపెనీలు ఖర్చు తగ్గించుకునేందుకు డిస్కులివ్వడం మానేసి, అదే సరుకును హార్డ్‌డిస్కులో సర్దేయడం మొదలుపెట్టాయి. ‘కొన్న వెంటనే మూడు నాలుగు డీవీడీల్లోకి ఎక్కించి దాచుకోండి’ అని విండోస్‌ విస్టా, విండోస్‌ 7 కాలంలో తెర మీద ఓ సందేశం వచ్చేది. దాన్ని మూసేయకుండా డీవీడీలు చేసుకున్నవాళ్లు తక్కువ. అలా సీడీ పోయింది, డీవీడీ చేసుకోలేదు... మిగిలింది డిస్కులోని ఆ గది ఒక్కటే.

ఒక ఇంట్లో రెండు కాపురాలు

విండోస్‌ ఉండగా లినక్స్‌ ఎందుకు? ఇంజినీరింగ్‌ చదివే పిల్లలున్న ఇంట్లో ఈ ప్రశ్నకు జవాబు తెలుసు. ప్రోగ్రామింగ్‌ ల్యాబుల్లో, సర్వర్లలో, పరిశోధనా సంస్థల్లో లినక్స్‌దే రాజ్యం. అలాగని విండోస్‌ మానేద్దామా అంటే నాన్న లెక్కల సాఫ్ట్‌వేరూ, తమ్ముడి ఆటలూ అందులోనే ఉంటాయి. అందుకే మధ్యేమార్గంగా డ్యూయల్‌ బూట్‌. కంప్యూటర్‌ ఆన్‌ చేయగానే ‘ఎటు వెళ్తావు?’ అని ఓ చిన్న పట్టీ అడుగుతుంది. కావాల్సినదాన్ని ఎంచుకుంటే సరి. లినక్స్‌ వైపు ఆ పట్టీని చూపించే ప్రోగ్రామ్‌ పేరు గ్రబ్‌.

మన దగ్గర ఈ అలవాటు పాతదే. ఉబుంటు తొలి వెర్షన్‌ 2004 అక్టోబరులో వచ్చింది. 2005 నుంచి 2011 దాకా అడిగినవాళ్లకు అడిగినట్టు దాని సీడీలను పైసా తీసుకోకుండా పోస్టులో పంపేవారు. ఇంటర్నెట్‌ నత్తనడక నడిచే ఆ రోజుల్లో హాస్టలు గదుల్లోకి లినక్స్‌ అడుగుపెట్టింది చాలావరకూ ఆ సీడీలతోనే.

ఇప్పుడు మరో కారణం తోడైంది. 2025 అక్టోబరు 14తో విండోస్‌ 10కి మైక్రోసాఫ్ట్‌ మామూలు మద్దతు ముగిసింది. విండోస్‌ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌ ఉండాలి, ప్రాసెసరూ మరీ పాతది కాకూడదు. మంచి స్థితిలో ఉండి కూడా ఈ పరీక్ష తప్పిన ల్యాప్‌టాప్‌లు ఇళ్లలో ఎన్నో. వాటిని పారేయలేక, పాత విండోస్‌ను పూర్తిగా వదల్లేక పక్కనే లినక్స్‌ పెట్టుకుంటున్నవారున్నారు. రికవరీ పార్టిషన్‌ ఉండాలా పోవాలా అన్న ప్రశ్న మళ్లీ ఇంటి గడప తొక్కింది అందుకే.

నాలుగు గదుల చిక్కు

పాత కంప్యూటర్లలో ఈ మూట మీద వేటు పడటానికి ఒక సాంకేతిక కారణం కూడా ఉంది. విండోస్‌ 7 కాలం దాకా ఎక్కువ డిస్కులు ఎంబీఆర్‌ అనే పద్ధతిలో ఉండేవి. ఆ పద్ధతిలో ప్రధాన పార్టిషన్లు నాలుగుకి మించకూడదు. కొన్ని కంపెనీలు ఆ నాలుగింటినీ ముందే నింపేసి పంపేవి. ఒకటి బూట్‌ కోసం, ఒకటి విండోస్‌కి, ఒకటి రికవరీకి, మరోటి కంపెనీ సొంత పరికరాలకి. ఇక లినక్స్‌కు చోటెక్కడ? డిస్కులో 300 జీబీ ఖాళీ ఉన్నా ‘కొత్త గది కట్టడానికి వీల్లేదు’ అనేది ఇన్‌స్టాలర్‌. ఏదో ఒకటి తీసేయాలి. విండోస్‌ను తీయలేం, బూట్‌ను తీయలేం. ఇక మిగిలిన ఇద్దరిలో ఎవరు పెద్దగా ఉంటే వాళ్ల మీద పడేది కత్తి... రికవరీ గది!

నిజానికి అప్పుడు తీయాల్సింది కంపెనీ పరికరాల చిన్న గదిని. నాలుగోది పోతే, ఆ స్థానంలో ‘ఎక్స్‌టెండెడ్‌’ గది ఒకటి కట్టి, దానిలోపల లినక్స్‌కు ఎన్ని చిన్న గదులైనా వేసుకోవచ్చు. రికవరీ జోలికి పోనక్కర్లేదు.

ఆ రోజుల్లో మరో రెండు చిక్కులుండేవి. కొన్ని కంపెనీల కంప్యూటర్లలో రికవరీ మీట పనిచేయాలంటే డిస్కు మొట్టమొదట్లో ఉండే చిన్న కోడ్‌ చెక్కుచెదరకూడదు. లినక్స్‌ తన గ్రబ్‌ను సరిగ్గా అక్కడే రాసేది. గది ఉన్నచోటే ఉన్నా, దాన్ని తట్టే తలుపు మూసుకుపోయేది. ఇక రెండోది... గ్రబ్‌ పట్టీలో విండోస్‌ పేరు రెండుసార్లు కనిపించేది. ఒకటి అసలు విండోస్‌, రెండోది రికవరీ. పేర్లు దాదాపు ఒకటే. తెలియక రెండోదాని మీద నొక్కి, అడిగినదానికల్లా ‘సరే’ అంటూ పోతే కంప్యూటర్‌ కొన్ననాటి స్థితికి వెళ్లిపోయేది. అందుకే అలాంటి కంప్యూటర్‌ ఇంట్లో ఉంటే ఏ వరుస దేనిదో ఓ కాగితం మీద రాసి అతికించడం మంచిది.

విండోస్‌ 8 వచ్చిన 2012 తర్వాత కొత్త కంప్యూటర్లు జీపీటీ పద్ధతికి మారాయి. విండోస్‌ ఇందులో 128 పార్టిషన్ల దాకా అనుమతిస్తుంది. నాలుగు గదుల చిక్కు తీరింది. అంటే, లినక్స్‌ కోసం రికవరీని బలిపెట్టాల్సిన అవసరం ఇప్పుడు లేనే లేదు. పాత అలవాటు మాత్రం ఇంకా పోలేదు.

ఎప్పుడు ఆదుకుంటుంది?

2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్‌ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలు వల్ల ప్రపంచవ్యాప్తంగా విండోస్‌ కంప్యూటర్లు నీలం తెరతో నిలిచిపోయాయి. మైక్రోసాఫ్ట్‌ అంచనా ప్రకారం వాటి సంఖ్య సుమారు 85 లక్షలు. మన దేశంలోనూ విమానాశ్రయాల్లో బోర్డింగ్‌ పాసులు చేత్తో రాసివ్వాల్సి వచ్చింది. చాలా కంప్యూటర్లను మళ్లీ లేపింది ఎలాగో తెలుసా? రికవరీ తెరలోకి వెళ్లి, అక్కణ్నుంచి సేఫ్‌ మోడ్‌కో, కమాండ్‌ ప్రాంప్ట్‌కో చేరి, ఆ ఒక్క ఫైలునూ తీసేసి! విండోస్‌ లేవనప్పుడు లోపలికి వెళ్లడానికి ఉన్న పెరటి తలుపు అదే.

ఇంట్లో కంప్యూటర్‌కు అంత పెద్ద ఆపద రాకపోవచ్చు. చిన్న చిన్నవి వస్తూనే ఉంటాయి. అర్ధరాత్రి అప్‌డేట్‌ జరుగుతుంటే కరెంటు పోతుంది. పొద్దున విండోస్‌ లేవదు. మర్నాడే ప్రాజెక్టు సమర్పించాలి. రికవరీ ఉంటే ఆ అప్‌డేట్‌ను వెనక్కి తీసుకోవచ్చు. లేదంటే వేరేవాళ్ల కంప్యూటర్లో నాలుగైదు జీబీల విండోస్‌ ఫైలు డౌన్‌లోడ్‌ చేసి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాంతో లేపాలి. ఇంటర్నెట్‌ అంతంతమాత్రంగా ఉండే ఊళ్లో ఇది ఒక పూట పని.

విండోస్‌ 8 నుంచి కంపెనీ కంప్యూటర్లలో విండోస్‌ లైసెన్సు సంఖ్యను మదర్‌బోర్డులోనే రాసి పెడుతున్నారు. కాబట్టి రికవరీ గది పోయినంత మాత్రాన లైసెన్సు పోదు. పోయేది డ్రైవర్ల సౌకర్యం. కొత్తగా విండోస్‌ పెడితే వై-ఫై పనిచేయదు. వై-ఫై లేనిదే డ్రైవర్‌ డౌన్‌లోడ్‌ కాదు. తాళం పెట్టె లోపల, తాళంచెవి కూడా పెట్టె లోపలే! కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో అయితే సరైన స్టోరేజి డ్రైవర్‌ ఇవ్వందే ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించదు. కంపెనీ రికవరీలో ఇవన్నీ ముందే సర్ది ఉంటాయి.

మరో ఉపయోగం... కంప్యూటర్‌ అమ్మేటప్పుడో, చుట్టాల పిల్లలకు ఇచ్చేటప్పుడో మన ఫొటోలూ, బ్యాంకు కాగితాలూ లేకుండా శుభ్రంగా అప్పగించడానికి ఇదే సులువైన దారి.

విత్తనం ఇస్తుంది, పంట ఇవ్వదు

ఒక ఇంటిని ఊహించుకుందాం. తమ్ముడు బీటెక్‌ రెండో ఏడు. సెలవుల్లో ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో లినక్స్‌ పెట్టాడు. ఎక్కడో తేడా కొట్టి విండోస్‌ లేవడం మానేసింది. ‘కంగారు పడకక్కా, రికవరీ ఉందిగా’ అంటూ కంపెనీ మీట నొక్కాడు. అరగంటలో కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతూ విండోస్‌ వచ్చేసింది. అప్పుడు అక్క అడిగింది... ‘ఒరేయ్‌, నా పెళ్లి ఫొటోలేవిరా?’

లేవు. రావు కూడా. రికవరీ పార్టిషన్‌ దాచేది కంపెనీ పెట్టిన సరుకునే, మనం పెట్టుకున్నదాన్ని కాదు. విత్తనాలుంటే మళ్లీ పంట వేసుకోవచ్చు, కాలిపోయిన కుప్ప తిరిగిరాదు. ‘రికవరీ’ అన్న పేరు చూసి బ్యాకప్‌ అనుకోవడమే ఇందులో అసలు ప్రమాదం. ఫొటోలకూ, పాఠాలకూ వేరే డిస్కులోనో, క్లౌడ్‌లోనో మరో ప్రతి ఉండి తీరాలి.

డ్యూయల్‌ బూట్‌ వాళ్లకు ఇంకో హెచ్చరిక. కంపెనీ రికవరీ కొన్ని కంప్యూటర్లలో సి డ్రైవ్‌తో సరిపెట్టుకోదు. మొత్తం డిస్కును కొన్ననాటి గదులుగా మళ్లీ కట్టేస్తుంది. అంటే, పక్కనున్న లినక్స్‌ ఇల్లు కూడా నేలమట్టం! అందుకే ముందుగా విండోస్‌ సొంత ‘రీసెట్‌ దిస్‌ పీసీ’ని ప్రయత్నించాలి. అందులో ‘నా ఫైళ్లు ఉంచు’ అనే అవకాశం ఉంటుంది. అన్నీ తీసేయాలనుకున్నా ‘విండోస్‌ ఉన్న డ్రైవ్‌ మాత్రమే’ అన్న వరుసను ఎంచుకోవాలి. కంపెనీ మీట చిట్టచివరి అస్త్రం. అదీ లినక్స్‌లో ఉన్నవన్నీ బయటికి తీసుకున్నాకే.

ఈ మూటకు మరికొన్ని పరిమితులున్నాయి. డిస్కే చెడిపోతే మూట కూడా దాంతోపాటే పోతుంది. పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే, డిస్కు మొత్తాన్నీ అచ్చు దింపితే తప్ప రికవరీ గది కొత్తదాంట్లోకి రాదు. దుకాణంలో ఇచ్చేముందు ఈ సంగతి అడగాలి. పాత డిస్కును అక్కడే వదిలేయకుండా వెనక్కి తెచ్చుకోవాలి. ఇక, విండోస్‌ 8తో కొన్న కంప్యూటర్‌ను తర్వాత విండోస్‌ 10కి మార్చుకుని ఉంటే, కంపెనీ మీట నొక్కితే వచ్చేది మళ్లీ విండోస్‌ 8నే.

మరి లినక్స్‌ సంగతి?

విండోస్‌ రికవరీకి లినక్స్‌ భాష రాదు. లినక్స్‌ చెడితే అది ఏమీ చేయలేదు. లినక్స్‌లో చాలావాటికి రికవరీ పార్టిషన్‌ అంటూ ఉండదు. ఉబుంటు లాంటివాటిలో గ్రబ్‌ పట్టీలో ‘అడ్వాన్స్‌డ్‌ ఆప్షన్స్‌’ కింద రికవరీ మోడ్‌ ఉంటుంది గానీ, అది ఉన్న లినక్స్‌నే సాదాగా లేపే పద్ధతి. సిస్టమ్‌76 అనే కంపెనీ తయారుచేసే పాప్‌ ఓఎస్‌ ఇందుకు భిన్నం. డిస్కు మొత్తాన్నీ దానికే ఇస్తే 4 జీబీల రికవరీ గదిని తనే కట్టుకుంటుంది. పక్కన విండోస్‌ ఉండి, గదులు మనమే విభజిస్తుంటే ఆ గదిని కూడా గుర్తుపెట్టుకుని మనమే కేటాయించాలి.

మిగతా లినక్స్‌లకు మూట పెన్‌డ్రైవే. ఏ పెన్‌డ్రైవ్‌తో లినక్స్‌ పెట్టారో దాన్ని చెరపకుండా దాచుకుంటే చాలు. దాంతో కంప్యూటర్‌ లేపి, డిస్కును ముట్టుకోకుండానే లోపలున్న ఫైళ్లు చూడొచ్చు, బయటికి తీసుకోవచ్చు, చెడిన గ్రబ్‌ను మళ్లీ రాయొచ్చు.

డ్యూయల్‌ బూట్‌లో ఉన్న అసలు అందం ఇక్కడే ఉంది. విండోస్‌ పడకేస్తే లినక్స్‌లోకి వెళ్లి, విండోస్‌ డ్రైవ్‌ తెరిచి ఫొటోలన్నీ కాపీ చేసుకోవచ్చు. పైన చెప్పుకున్న తమ్ముడు మీట నొక్కేముందు ఈ పని చేసి ఉంటే అక్క పెళ్లి ఫొటోలు దక్కేవి. ముందు లినక్స్‌తో సామాను బయటికి చేర్చాలి, ఆ తర్వాతే రికవరీతో ఇల్లు బాగుచేయాలి. రెండూ ఉన్నవాడికి ఈ వరుస ఒక వరం.

మూటకూ చెద పడుతుంది

దాచాం కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. 2024 జనవరిలో విండోస్‌ 10కి వచ్చిన ఓ భద్రతా అప్‌డేట్‌ ఎన్నో కంప్యూటర్లలో ఎక్కకుండా మొరాయించింది. కారణం... మరమ్మతు పెట్టె ఉన్న గది ఇరుకుగా ఉండటం. దాన్ని 250 ఎంబీ పెంచుకోమంది మైక్రోసాఫ్ట్‌. ఒక గది పెరగాలంటే పక్కన ఖాళీ ఉండాలి. విండోస్‌ గదికీ రికవరీ గదికీ మధ్యలో లినక్స్‌ కూర్చుని ఉంటే? పెరిగే దారే ఉండదు. సి డ్రైవ్‌ను కుదించి లినక్స్‌కు చోటు చేస్తే సాధారణంగా జరిగేది ఇదే. అలాంటివాళ్లు సి డ్రైవ్‌ చివర మరికాస్త చోటు తీసి, రికవరీని అక్కడ కొత్తగా కట్టుకోవాల్సి ఉంటుంది.

అదే ఏడాది ఆగస్టులో ఇంకో దెబ్బ. విండోస్‌ అప్‌డేట్‌ ఒకటి సెక్యూర్‌ బూట్‌ నియమాలను మార్చింది. డ్యూయల్‌ బూట్‌ కంప్యూటర్లకు అది వర్తించకూడదు గానీ, కొన్నింటిని గుర్తుపట్టలేక వాటికీ వర్తించింది. మర్నాడు లినక్స్‌ లేవలేదు. విండోస్‌ మాత్రం భేషుగ్గా పనిచేసింది! అక్కడ విండోస్‌ రికవరీ చేసేదేమీ లేదు. బయోస్‌ సెట్టింగుల్లో సెక్యూర్‌ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లినక్స్‌ వైపు నుంచి సరిచేసుకోవాల్సి వచ్చింది.

2025 అక్టోబరు 14న వచ్చిన విండోస్‌ 11 అప్‌డేట్‌ది మరో విడ్డూరం. రికవరీ తెర వచ్చేది, కానీ అందులో యూఎస్‌బీ కీబోర్డూ మౌసూ పనిచేసేవి కావు. తలుపు కనిపిస్తుంది, గొళ్లెం చేతికి అందదు! అక్టోబరు 20న అత్యవసరంగా మరో అప్‌డేట్‌ పంపి మైక్రోసాఫ్ట్‌ దాన్ని సరిదిద్దింది. అందుకే డిస్కులో ఒక మూట, డిస్కు బయట పెన్‌డ్రైవ్‌లో మరో మూట ఉండాలనేది.

లినక్స్‌ పెట్టే ముందు...

* మూట పనిచేస్తోందో లేదో చూడండి. షిఫ్ట్‌ మీట నొక్కి పట్టుకుని రీస్టార్ట్‌ చేయండి. ‘ట్రబుల్‌షూట్‌’ అన్న నీలం తెర వస్తే మరమ్మతు పెట్టె భేషుగ్గా ఉన్నట్టే. ‘కంటిన్యూ’ నొక్కి వెనక్కి వచ్చేయండి.

* కనీసం 16 జీబీ పెన్‌డ్రైవ్‌ ఒకటి కొనండి. విండోస్‌లో ‘రికవరీ డ్రైవ్‌’ అని వెతికితే వచ్చే ప్రోగ్రామ్‌తో మూటకు నకలు తయారుచేసుకోండి. ‘సిస్టమ్‌ ఫైళ్లు కూడా’ అన్నచోట టిక్‌ ఉండాలి. పెన్‌డ్రైవ్‌లో ముందున్నవన్నీ పోతాయి కాబట్టి ఖాళీదే వాడండి. పైన కంపెనీ పేరూ, మోడలూ రాసి బీరువాలో పెట్టండి.

* బిట్‌లాకర్‌ తాళం సంఖ్యను కాగితం మీద రాసుకోండి. కొత్త విండోస్‌ కంప్యూటర్లు చాలావాటిలో డిస్కు దానంతటదే తాళం వేసుకుని ఉంటుంది. బూట్‌ పద్ధతిలో మార్పు కనిపిస్తే ‘48 అంకెల సంఖ్య చెప్పు’ అని అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్‌ ఖాతాలో ఉంటుంది. ఆ సంఖ్య లేకపోతే రికవరీ తెర వచ్చినా ఫైళ్లు చేతికి రావు.

* సి డ్రైవ్‌ను తగ్గించే పనిని విండోస్‌లోని డిస్క్‌ మేనేజ్‌మెంట్‌తోనే చేయండి. రికవరీ గదులను జరపొద్దు. ‘ఈఎఫ్‌ఐ’ అని చిన్నగా కనిపించే గదిని అస్సలు ముట్టుకోవద్దు. రెండు ఆపరేటింగ్‌ సిస్టమ్‌లకూ అదే వీధి తలుపు.

* లినక్స్‌ ఇన్‌స్టాలర్‌ ‘డిస్కు మొత్తం చెరిపి పెట్టు’, ‘విండోస్‌ పక్కన పెట్టు’ అని రెండు దారులు చూపిస్తుంది. ఎంచుకోవాల్సింది రెండోది. మొదటిది నొక్కితే విండోస్‌, ఫైళ్లు, విత్తనాల మూట... అన్నీ ఒకేసారి పోతాయి.

* విండోస్‌ను రీసెట్‌ చేశాక లినక్స్‌ కనిపించకపోతే పోయిందని కంగారు పడొద్దు. చాలాసార్లు లేచే వరుసలో విండోస్‌ ముందుకొస్తుంది, అంతే. కంప్యూటర్‌ ఆన్‌ చేస్తూ బూట్‌ మెనూలోకి వెళ్లి చూస్తే లినక్స్‌ అక్కడే ఉంటుంది.

తీసేయనే కూడదా?

అలాగని ఒట్టేసుకోనక్కర్లేదు. విండోస్‌ను పూర్తిగా వదిలేసి లినక్స్‌ ఒక్కటే వాడదలచుకుంటే ఆ మూటతో మీకు పనిలేదు. పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసుకుని, దాంతో కంప్యూటర్‌ లేస్తోందని నిర్ధారించుకున్నాక కంపెనీ వారి పెద్ద గదిని తీసేసుకోవచ్చు. 128 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లకు ఆ 15 జీబీ నిజంగానే విలువైనది. కానీ ఒక జీబీ కూడా లేని మైక్రోసాఫ్ట్‌ మరమ్మతు పెట్టెను మాత్రం విండోస్‌ ఉన్నంతకాలం ఉంచాలి. ఒక సినిమాకు పట్టే చోటు కూడా దానికి అక్కర్లేదు.

ఈ ఆదివారం ఓ గంట తీరిక చేసుకుని ఇంట్లో కంప్యూటర్‌ ముందు కూర్చోండి. ముందు ఫొటోలను వేరే డిస్కులోకి చేర్చండి. తర్వాత పెన్‌డ్రైవ్‌లో రికవరీ తయారుచేయండి. ఆ 48 అంకెలూ రాసుకోండి. ఈ మూడూ అయ్యాక మీ అబ్బాయో అమ్మాయో ‘లినక్స్‌ పెట్టుకుంటా నాన్నా’ అంటే నిశ్చింతగా ‘సరే’ అనొచ్చు.